మా అమ్మాయికి 3.87తో కమ్ లాడే, తోడల్లుడి కొడుక్కి 3.82తో సుమ్మా కమ్ లాడే: ఇదేం లెక్క?

ప్లానో_నాన్న
మా పెద్దమ్మాయి ఈ మే నెలలో డిగ్రీ పూర్తి చేసింది. ఈస్ట్ కోస్ట్‌లో పేరున్న యూనివర్సిటీ, బయాలజీ, జీపీఏ 4కి 3.87. నిన్న డిప్లొమా పోస్టులో వచ్చింది. కవరు కత్తెరతో జాగ్రత్తగా కోసి, దేవుడి దగ్గర పెట్టి, ఫొటో తీసి మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పేరు కింద వాలు అక్షరాల్లో "కమ్ లాడే" అని ఉంది.

పది నిమిషాలకి ఒహాయోలో ఉండే మా తోడల్లుడు వాళ్ళబ్బాయి డిప్లొమా పెట్టాడు. ఆ అబ్బాయిది 3.82. దాని మీద "సుమ్మా కమ్ లాడే". మా బాబాయి ఒకాయన ఎక్కడో చూసి "సుమ్మా అంటే ఫస్టు, మాగ్నా అంటే సెకండు, ఉత్త కమ్ లాడే అంటే థర్డు" అని గ్రూపులో రాశాడు. వెంటనే గుంటూరు నుంచి మా అమ్మ ఫోను. "ఒరేయ్, మన పిల్లకి థర్డ్ క్లాసొచ్చిందటగా?" ఫోను స్పీకర్‌లో ఉంది. అమ్మాయి వింది. ఏమీ అనకుండా తింటున్న పళ్ళెం సింకులో పెట్టేసి పైకి వెళ్ళిపోయింది.

ఎక్కువ మార్కులొచ్చిన పిల్లకి తక్కువ బిరుదు ఎలా వస్తుంది? యూనివర్సిటీకి రాస్తే మారుస్తారా? ఆగస్టులో గుంటూరులో చిన్న ఫంక్షన్ పెట్టుకున్నాం. ఈలోపు మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పాలి, అసలు ముందు నాకు అర్థం కావాలి.

ఎడిసన్_అత్త
థర్డ్ క్లాసు కానే కాదు! ముందు పైకెళ్ళి ఆ పిల్లకి ఆ మాట చెప్పి రండి. మిగతావి మేం ఇక్కడ రాస్తూ ఉంటాం.

కరీంనగర్_కుర్రాడు
మన దగ్గర ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్, ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ ఉన్నట్టే కదా ఇది? సుమ్మా అంటే డిస్టింక్షన్ అనుకుంటున్నా.

విభక్తి_ప్రత్యయం
తెనాలిలో ముప్ఫై ఏళ్ళు తెలుగు, సంస్కృతం చెప్పాను. మాట అర్థం నేను చెబుతాను, లెక్క సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు.

లాటిన్‌లో "లౌస్" అంటే ప్రశంస. "కుమ్" అంటే తోడ, తో. మన చిన్నప్పుడు వల్లెవేసిన "చేతన్, చేన్, తోడన్, తోన్, తృతీయా విభక్తి" గుర్తుందా? సరిగ్గా ఆ పని చేసేదే ఈ కుమ్. అది ముందు చేరితే లౌస్ కాస్తా "లౌదె" అవుతుంది. కలిపితే "ప్రశంసతో". అంతే. అందులో ఒకటో తరగతీ లేదు, మూడో తరగతీ లేదు.

మాగ్నా అంటే గొప్ప. మన "మహా", వాళ్ళ "మాగ్నా" ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. కాబట్టి మాగ్నా కమ్ లాడే అంటే మహా ప్రశంసతో. సుమ్మా అంటే అన్నిటికన్నా పైనున్నది, అత్యున్నత ప్రశంసతో. ఇంగ్లీషులో కొండ శిఖరాన్ని సమ్మిట్ అంటారే, దానిదీ ఇదే ధాతువు. లెక్కల్లో కూడికకి సమ్ అనడం కూడా ఇక్కణ్ణుంచే. రోమన్లు అంకెలు కింది నుంచి పైకి కూడి మొత్తాన్ని పైన రాసేవాళ్ళు. పైన ఉండేది కాబట్టి సుమ్మా.

మీ అమ్మగారికి ఫోన్ చేసి "ప్రశంసతో పాసైంది" అని చెప్పండి. తప్పేమీ లేదు, అక్షరాలా అదే అర్థం.

ప్లానో_నాన్న
మాస్టారూ, చాలా సంతోషం. అర్థం తెలిసింది. కానీ 3.87కి ప్రశంస, 3.82కి అత్యున్నత ప్రశంస ఎలా అన్నది ఇంకా మింగుడు పడటం లేదు.

కౌంటర్_నంబర్_4
ఇక్కడ మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసులో పదకొండేళ్ళు పనిచేశాను. ప్రతి మేలో ఈ ప్రశ్న మా కౌంటర్ ముందుకి వచ్చేది.

అమెరికాలో దీనికి దేశం మొత్తానికీ ఒక రూలు లేదు. ఏ యూనివర్సిటీ గీత దానిదే. ముఖ్యంగా రెండు పద్ధతులు. ఒకటి, జీపీఏకి గీత గీసేయడం. యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో 3.4 దాటితే కమ్ లాడే, 3.6 దాటితే మాగ్నా, 3.8 దాటితే సుమ్మా. ఎంతమంది దాటితే అంతమందికీ ఇస్తారు. రెండోది, క్లాసులో ఎన్నో వంతు అని చూడటం. యేల్‌లో పై 5 శాతానికి సుమ్మా, తర్వాతి 10 శాతానికి మాగ్నా, ఆ తర్వాతి 15 శాతానికి కమ్ లాడే. అంటే నూటికి ముప్ఫై మందితో ఆగిపోతుంది. కొలంబియా కాలేజీలో ఇంకా తక్కువ, మూడూ కలిపి పాతిక శాతం.

ఈ రెండో పద్ధతిలో గీత ఎక్కడ పడుతుందో ఎవరికీ ముందు తెలియదు. ఆ ఏడు పక్కవాళ్ళు బాగా చదివితే గీత పైకి పోతుంది. 3.82తో పెన్సిల్వేనియాలో సుమ్మా వస్తుంది. అదే 3.82 యేల్‌కి పట్టుకెళ్తే కమ్ లాడే కూడా రాకపోవచ్చు.

నా అంచనా, మీ అమ్మాయిది రెండో రకం యూనివర్సిటీ, మీ తోడల్లుడి గారి అబ్బాయిది మొదటి రకం. ఈ మూడు బిరుదుల్నీ కలిపి లాటిన్ ఆనర్స్ అంటారు. రిజిస్ట్రార్ పేజీలో "లాటిన్ ఆనర్స్" అని వెతకండి, రాసి ఉంటుంది. రాస్తే మారుస్తారా అన్నారు. గ్రేడు తప్పుగా ఎక్కితే తప్ప మార్చరు.

ప్లానో_నాన్న
చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. మా అమ్మాయి కాలేజీలో క్లాసు మొత్తంలో పాతిక శాతానికే ఆనర్స్. మా తోడల్లుడి వాళ్ళ దగ్గర 3.8 దాటితే సుమ్మా. ఇద్దరి పేజీలూ పక్కపక్కన తెరిచి మా ఆవిడకి చూపించాను. "అంటే మన పిల్ల నూటికి పాతికమందిలో ఉందన్నమాట, ఇంతసేపూ దేనికి ఏడ్చాం?" అంది.

బోస్టన్_బాబాయ్
దీని చరిత్ర కొంచెం చెప్తా, నాకు ఇష్టమైన విషయం. ఇదేదో రోమన్ల కాలం నుంచి వస్తున్న ఆచారం అనుకుంటారు చాలామంది. అమెరికాలో ఇది హార్వర్డ్‌లో 1869లో మొదలైంది. 1872 నుంచి 1879 దాకా రెండే మెట్లు ఉండేవి, కమ్ లాడే, సుమ్మా కమ్ లాడే. 1880లో మధ్యలో మాగ్నాని చేర్చారు. మరుసటి ఏడు ఆమ్హర్స్ట్ కాలేజీ అందుకుంది, తర్వాత మిగతావాళ్ళు. అంటే మన వైజాగ్ మహారాణీపేట, వాల్తేరు ఇళ్ళలో ముత్తాతలు ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) చదివే రోజుల్లోనే పుట్టిన పద్ధతి.

ఇంకోటి. 2001లో బోస్టన్ గ్లోబ్ పత్రిక లెక్క బయటపెట్టింది. ఆ ఏడు హార్వర్డ్‌లో 91 శాతం మంది ఆనర్స్‌తో బయటికొచ్చారు! పెద్ద గొడవైంది. తర్వాత 60 శాతానికి మించకూడదని కట్టడి పెట్టారు.

కరీంనగర్_కుర్రాడు
91 శాతమా? పెళ్ళిలో వచ్చినోళ్ళందరికీ తాంబూలం సంచి ఇచ్చినట్టు ఉంది.

ఎడిసన్_అత్త
తాంబూలం అందరికీ ఇస్తేనే మర్యాద బాబూ. బిరుదు అందరికీ ఇస్తే బిరుదు కాదు.

బోస్టన్_బాబాయ్
@ఎడిసన్_అత్త అక్కడే నేను ఒప్పుకోను. పిల్లలందరూ నిజంగానే బాగా రాస్తే? నూటికి ఐదుగురికే అని గీత గీస్తే ఆరోవాడు ఏం పాపం చేశాడు? నాకైతే జీపీఏ గీతే న్యాయంగా కనిపిస్తుంది. ఎంత దాటాలో మొదటి రోజే తెలుస్తుంది, పక్కవాడు పడిపోవాలని కోరుకోనక్కర్లేదు.

కౌంటర్_నంబర్_4
బాబాయ్ గారూ, మీరు చెప్పింది నిజమే కానీ జీపీఏ గీత పెట్టిన చోట ఏమవుతుందో కూడా చూశాను. పిల్లలు కష్టమైన సబ్జెక్టు జోలికి పోరు. 3.81 ఉన్న అమ్మాయి ఒకామె చివరి సెమిస్టర్‌లో తనకి ఇష్టమైన ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ వదిలేసి సులువైనదేదో ఎంచుకుంది, సుమ్మా జారిపోతుందని. కౌంటర్ దగ్గర డ్రాప్ ఫారం ఇస్తూ "ఇది నాకు చాలా ఇష్టం అండీ" అని నాతోనే అంది. ఆ ఫారం మీద ముద్ర వేసింది నేనే.

గీత లేని చోట్లూ ఉన్నాయి. ఎంఐటీ అసలు లాటిన్ ఆనర్సే ఇవ్వదు. స్టాన్‌ఫర్డ్ లాటిన్ మాటలు వాడదు, పై 15 శాతానికి "విత్ డిస్టింక్షన్" అని ఇస్తుంది. ఎంఐటీ పిల్లాడి డిప్లొమా మీద ఏమీ లేదని తక్కువ చేస్తామా?

ఉస్మానియా_91
@కరీంనగర్_కుర్రాడు నువ్వు పైన అడిగిందానికి ఎవరూ చెప్పలేదు. మన క్లాసులకీ దీనికీ పోలిక కుదరదు. మన దగ్గర ప్రతివాడికీ ఏదో ఒక క్లాసు ఉంటుంది, పాసైతే చాలు. అక్కడ ఆనర్స్ రానివాళ్ళకి డిగ్రీ మీద ఏమీ ఉండదు, ఉత్త డిగ్రీ. కమ్ లాడే అంటే వాళ్ళందరికన్నా పైన ఉన్నట్టు. థర్డ్ క్లాసు అన్న మాట అక్కడే తప్పు.

మన డిస్టింక్షన్‌కి ఇంకో మెలిక ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్స్ తీసుకో. 8 సీజీపీఏ ఉండాలి, దాంతోపాటు అన్ని సబ్జెక్టులూ మొదటిసారే పాసవ్వాలి. ఒక్క సప్లీ ఉన్నా 9 వచ్చినా ఫస్ట్ క్లాసే. నా కాలంలో నా యూనివర్సిటీలోనూ అదే పద్ధతి. రెండో సంవత్సరంలో పచ్చకామెర్లు వచ్చి మ్యాథ్స్ పరీక్ష సగంలో లేచి వచ్చేశాను. సప్లీలో 91 వచ్చింది. నాలుగేళ్ళు కలిపి 78 శాతం. ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద "ఫస్ట్ క్లాస్" అని టైపు మిషను అక్షరాలు. క్లర్కు దగ్గరికి పోయి అడిగితే మార్కుల మెమోలో ఆ "ఎఫ్" కింద వేలు పెట్టి చూపించాడు, మాట కూడా అనలేదు. ముప్ఫై మూడేళ్ళైంది. ఆ వేలు ఇంకా కనిపిస్తూనే ఉంది.

కాబట్టి ప్లానో గారూ, మీ అమ్మాయి పైకి ఎందుకు వెళ్ళిపోయిందో నాకు తెలుసు.

ఎడిసన్_అత్త
అయ్యో అన్నగారూ. పచ్చకామెర్లతో పరీక్షకి వెళ్ళారా!

గోదారి_గట్టు
ఇంకో గందరగోళం గురించి కూడా చెప్పాలి, దీనివల్ల నాకు ఇంటర్వ్యూలో చెమటలు పట్టాయి. మన దగ్గర బీటెక్ ఆనర్స్ అని ఉంది కదా. ఏఐసీటీఈ (ఢిల్లీలోని సాంకేతిక విద్యా మండలి) మోడల్ ప్రకారం మామూలు బీటెక్ 160 క్రెడిట్లు, ఇంకో 20 దాకా అదనంగా చదివితే ఆనర్స్. నాది అదే. రెజ్యూమెలో "ఆనర్స్" అని రాశా. ఇక్కడ అట్లాంటాలో ఇంటర్వ్యూ చేసినాయన "ఏ ఆనర్స్? మాగ్నా ఆ?" అని అడిగాడు. నాకు ఆ మాటే తెలీదు. ఏదో కాలేజీ పేరేమో అనుకుని "కాదండీ, కాకినాడ" అన్నా.

కరీంనగర్_కుర్రాడు
కాదండీ కాకినాడ 😂 ఉద్యోగం వచ్చిందా అన్నా?

గోదారి_గట్టు
వచ్చింది తమ్ముడూ. ఆయనే తర్వాత నా మేనేజరు. సంగతేంటంటే ఆనర్స్ అనే ఒక్క మాటకి మూడు అర్థాలున్నాయి. ఒకటి మన దగ్గరిలా ఎక్కువ చదివిన డిగ్రీ. రెండోది అమెరికాలో ఆనర్స్ కాలేజీ, ఆనర్స్ ప్రోగ్రాం, అంటే చేరేటప్పుడే ఎంపిక చేసుకుని వేరే క్లాసులు పెట్టడం. మూడోది ఈ లాటిన్ ఆనర్స్, బయటికి వెళ్ళేటప్పుడు ఇచ్చేది. ఒకటి ఉంటే ఇంకోటి ఉన్నట్టు కాదు.

ఎంఎస్_చిన్నోడు
నేను డాలస్‌లో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్, 3.95. నాకూ వస్తుందా ఇది?

కౌంటర్_నంబర్_4
ఎక్కువ యూనివర్సిటీల్లో ఇది బ్యాచిలర్స్‌కే. మాస్టర్స్‌కి సాధారణంగా ఇవ్వరు. లా స్కూళ్ళలో మాత్రం ఉంది. ఒబామా 1991లో హార్వర్డ్ లా నుంచి మాగ్నా కమ్ లాడేతో వచ్చాడు. సుప్రీంకోర్టు జడ్జి సోనియా సోటోమేయర్ 1976లో ప్రిన్స్‌టన్ డిగ్రీలో సుమ్మా. ఎంఎస్ వాళ్ళకి జీపీఏ రాసుకోవడమే. మీకు 3.95 ఉంది, అదే మాట్లాడుతుంది.

ఇంకో జాగ్రత్త. ఆనర్ సొసైటీ అని ఈమెయిళ్ళు వస్తాయి, డబ్బు కట్టి చేరమని. అవన్నీ ఒకటి కాదు. ఫై బీటా కప్పా 1776లో పుట్టింది, టౌ బీటా పై ఇంజనీరింగ్‌ది. ఈ రెండోదానిలో మూడో ఏడు పిల్లల్లో పై ఎనిమిదో వంతు, నాలుగో ఏడు వాళ్ళలో పై ఐదో వంతు ఉంటేనే పిలుస్తారు. అలాంటివి గౌరవమే. పేరు విననివి అయితే డిపార్ట్‌మెంట్‌లో అడిగి కట్టండి.

మ్యూనిక్_బస్సు
జర్మనీలో ఈ మాటలు డిగ్రీకి కాదు, పీహెచ్‌డీకి. ఇక్కడ మాత్రం ప్లానో గారి బాబాయి చెప్పినట్టు ఇవి నిజంగా గ్రేడ్లే. సుమ్మా, మాగ్నా, కమ్ లాడే, ఆ కింద "రిటె", అంటే నియమం ప్రకారం పాస్ అని. ప్రతి డాక్టరేట్‌కీ వీటిలో ఒకటి ఉంటుంది.

నా డిఫెన్స్ (పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష) అయ్యాక నన్ను బయట వరండాలో నిలబెట్టి లోపల తలుపేసుకున్నారు. ఇరవై నిమిషాలు. ఎదురుగా మా ల్యాబ్ వాళ్ళంతా నిలబడ్డారు, చేతుల్లో నా కోసం తయారుచేసిన టోపీ. ఇక్కడ అదో ఆచారం, డాక్టరేట్ అయినవాళ్ళకి తోటివాళ్ళే అట్టతో టోపీ చేసి దాని మీద వాళ్ళ జీవితం అంతా అతికిస్తారు. నా టోపీ మీద చిన్న పిపెట్, ఆవకాయ జాడీ బొమ్మ, నేను రోజూ మిస్సయ్యే బస్సు నంబరు. తలుపు తీసి "మాగ్నా కమ్ లాడే" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు, నేను సుమ్మా అనుకున్నా. మా గైడు నా మొహం చూసి దగ్గరికొచ్చి, తనదీ మాగ్నానే అని నెమ్మదిగా చెప్పింది. అప్పుడు టోపీ పెట్టుకున్నా.

అందుకే ఏ దేశం, ఏ డిగ్రీ అని అడక్కుండా ఈ మాటల్ని పోల్చొద్దు. జర్మన్ పీహెచ్‌డీ కమ్ లాడే వేరు, అమెరికా డిగ్రీ కమ్ లాడే వేరు. ఇటలీలో అయితే మార్కులే 110కి వేసి, ఆ పైన "లోదె" అని తగిలిస్తారు. అదీ ఈ ప్రశంసే.

దావావ్_డాక్టరమ్మ
మన పిల్లలు మెడిసిన్‌కి ఫిలిప్పీన్స్ బాగా వస్తున్నారు కదా, ఇక్కడ ఈ పిచ్చి ఇంకా ఎక్కువ. యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్‌లో గ్రేడు ఎంత తగ్గితే అంత మంచిది. 1.00 అంటే బెస్ట్. 1.20 లోపు సుమ్మా, 1.45 లోపు మాగ్నా, 1.75 లోపు కమ్ లాడే. మా అమ్మకి మొదటి సెమిస్టర్ గ్రేడ్లు చెప్తే "ఒకటిన్నరేంటే, ఫెయిలయ్యావా" అని ఏడ్చింది.

ఇక్కడ పిల్లకి కమ్ లాడే వస్తే ఇంటి గేటుకి ఫ్లెక్సీ కడతారు! ఫొటో, పేరు, కింద పెద్దక్షరాల్లో కమ్ లాడే. అచ్చం మన ఊళ్ళో ఎంసెట్ ర్యాంకు ఫ్లెక్సీల్లాగే. మా ఇంటి ఓనరమ్మ మనవరాలి ఫ్లెక్సీ రెండేళ్ళు వానకి తడిసి రంగు వెలిసినా తీయనివ్వలేదు. ప్లానో గారూ, ఇక్కడైతే మీ అమ్మాయికి వీధి వీధంతా భోజనాలు.

ఎడిసన్_అత్త
నా కథ చెప్పాల్సిందే. మా వాడిది న్యూజెర్సీ కాదు, వేరే రాష్ట్రం. గ్రాడ్యుయేషన్ రోజు బుక్‌లెట్‌లో వాడి పేరు పక్కన మాగ్నా కమ్ లాడే అని అచ్చు వేశారు. మెడలో ఆనర్స్ వాళ్ళకి వేసే బంగారు రంగు తాడు. విజయవాడ నుంచి మా అత్తయ్య, మావయ్య వచ్చారు. మావయ్య ఆ బుక్‌లెట్ ఆరు కాపీలు తెచ్చుకుని ఊళ్ళో అందరికీ పంచడానికి పెట్టెలో పెట్టుకున్నారు.

జూలైలో డిప్లొమా వచ్చింది. మీద ఉత్త కమ్ లాడే. ఆఫీసుకి ఫోన్ చేస్తే, బుక్‌లెట్ అచ్చయ్యే నాటికి చివరి సెమిస్టర్ గ్రేడ్లు రాలేదట, అప్పటిదాకా ఉన్నవాటితో వేశారట. బుక్‌లెట్ చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఆ మాట ఉంది కూడా. వాడికి ఒక సబ్జెక్టులో బీ ప్లస్ వచ్చి 3.70 కాస్తా 3.68 అయింది.

వాడు వాళ్ళ తాతకి తనే ఫోన్ చేసి చెప్పాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "బుక్‌లెట్లు పంచేశానురా, అందరూ చూసేశారు. ఇప్పుడు తెచ్చుకోలేను. నువ్వు పాసయ్యావా లేదా?" అన్నారు. వాడు పగలబడి నవ్వాడు. రెండు నెలల తర్వాత వాడు నవ్వడం అదే మొదలు.

కౌంటర్_నంబర్_4
ఎడిసన్ అత్తగారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. ఆ రోజు వేసే తాడూ, చదివే పేరూ తాత్కాలికం. చివరికి ట్రాన్‌స్క్రిప్టు మీదా డిప్లొమా మీదా ఉన్నదే అసలు.

ఇంకో విషయం, కమ్యూనిటీ కాలేజీ నుంచి మారేవాళ్ళ కోసం. చాలాచోట్ల ఆనర్స్‌కి ఆ యూనివర్సిటీలోనే ఇన్ని క్రెడిట్లు చదివి ఉండాలని రూలు ఉంటుంది. ఫీజు మిగులుతుందని రెండేళ్ళు బయట చదివి, కొందరు ఆ పైన వేసవి సెలవుల్లో కూడా ఇంకోచోట క్లాసులు తీసుకుంటారు. చివర్లో 4.0 ఉన్నా క్రెడిట్లు చాలక ఆనర్స్ రాదు. అలా ఒక తండ్రి నా కౌంటర్ ముందు నిలబడి "మాకు డబ్బుల్లేక బయట చదివించాం అమ్మా" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. మొదటి సెమిస్టర్‌లోనే అడ్వైజర్‌ని అడిగి రాయించుకోండి.

నియామకాల్లో_పన్నెండేళ్ళు
ఉద్యోగాల వైపు నుంచి చెప్తాను. కొత్తగా వచ్చేవాళ్ళ రెజ్యూమెలో ఇది కనిపిస్తే మంచిదే, చూస్తాం. మూడేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళలో ఎవరూ చూడరు. 2018లో ఇద్దరు ఆర్థికవేత్తల పరిశోధనా పత్రం ఒకటి వచ్చింది, అందులోనూ ఇదే. ఆనర్స్ వల్ల జీతంలో కొంత లాభం మొదటి రెండేళ్ళే, మూడో ఏటికి తేడా కనిపించలేదు.

ప్లానో గారి అమ్మాయి బయాలజీ కాబట్టి మెడికల్ స్కూల్ ఆలోచన ఉంటే, వాళ్ళు చూసేది జీపీఏ, ఎంక్యాట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) స్కోరు. 3.87 అక్కడ 3.87గానే వెళ్తుంది, డిప్లొమా మీద ఏ మాట ఉన్నా. చాలామంది అప్లికేషన్ పంపేటప్పటికి అసలు లాటిన్ ఆనర్స్ తేలదు కూడా.

రాసేటప్పుడు డిగ్రీ పేరు, కామా, కమ్ లాడే, చిన్న అక్షరాల్లో. "విత్ కమ్ లాడే" అని రాయకండి.

విభక్తి_ప్రత్యయం
భలే చెప్పారు. కుమ్‌లోనే "తో" ఉంది. విత్ కమ్ లాడే అంటే "ప్రశంసతోతో". గేటు తలుపు అన్నట్టు.

బోస్టన్_బాబాయ్
అయితే రెండేళ్ళకి అయిపోయేదాని కోసం ఇంత చర్చా?

గోదారి_గట్టు
బాబాయ్ గారూ, ఉస్మానియా అన్నగారి వేలు సంగతి చదవలేదా? ముప్ఫై మూడేళ్ళు. జీతానికి రెండేళ్ళే కావచ్చు, మనసుకి కాదు. నాలుగేళ్ళు చదివిన పిల్లకి ఆ ఒక్క మాట చుట్టూ ఉన్నవాళ్ళు ఎలా అంటారో ముఖ్యం. "ఉత్త" కమ్ లాడే అన్నది లాటిన్ మాట కాదు, మనం కలిపింది.

ఉస్మానియా_91
తమ్ముడూ, సరిగ్గా చెప్పావు.

ప్లానో_నాన్న
రాత్రి అమ్మాయితో కూర్చున్నాను. రెండు పేజీలూ చూపించబోతే "నాకు తెలుసు నాన్నా, ఫస్ట్ ఇయర్‌లోనే చదివా" అంది. థర్డ్ క్లాసు అన్నందుకు కాదట బాధ. గ్రూపులో నానమ్మ అందరి ముందూ ఏమీ అనలేకపోయిందని, తన వల్ల నానమ్మ చిన్నబోయిందని. ఆ మాట నేను అనుకోలేదు.

అప్పుడే గుంటూరు ఫోన్ చేశాం. నేను శాతాల లెక్క చెప్తుంటే మా అమ్మ "ఆపరా" అని దాన్ని పిలిచి "ఆ మాట ఏంటో నువ్వు చెప్పవే" అంది. ఇది మాస్టారు రాసినట్టే "ప్రశంసతో అని నానమ్మా" అంది. "ఎవరు ప్రశంసించారు?" అని అడిగింది మా అమ్మ. "కాలేజీ." "కాలేజీ మొత్తమా?" "మొత్తం." "ఇంకేం మరి," అని మా పిన్నికి చెప్పడానికి ఫోన్ పెట్టేసింది.

తోడల్లుడికి కూడా చేశాను. వాళ్ళబ్బాయి మూడేళ్ళు రాత్రిపూట లైబ్రరీలో పనిచేస్తూ చదివాడట, నాకిప్పుడే తెలిసింది. ఇద్దరికీ కలిపి ఒకే ఫంక్షన్ చేద్దాం అనుకున్నాం.

మాస్టారూ, ఒక్క సహాయం. పిలుపు కార్డు తెలుగులో వేయిస్తున్నాం. ఇద్దరి పేర్ల కింద ఏం రాయమంటారు? లాటిన్ వద్దంటోంది మా అమ్మ.

విభక్తి_ప్రత్యయం
అమ్మాయికి "ప్రశంసతో పట్టభద్రురాలైన". అబ్బాయికి "అత్యున్నత ప్రశంసతో పట్టభద్రుడైన". ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వేయించండి.

ఎడిసన్_అత్త
అమ్మాయి పేరు ముందు వేయండి, పెద్దది కదా.

ప్లానో_నాన్న
వేశాం అత్తగారూ. అరండల్‌పేటలో ప్రెస్సుకి పంపించాను. ప్రూఫు వస్తే ఇక్కడ పెడతాను, మాస్టారు ఒకసారి ఒత్తులు చూడాలి.